బడికిచ్చే పాత ల్యాప్‌టాప్‌లో ఏ సిస్టమ్ వేయాలి?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాది 1980 పదో తరగతి బ్యాచ్. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, పూర్వ విద్యార్థుల ఇళ్లలో మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్‌లను సేకరించి బడి కంప్యూటర్ గదికి ఇద్దామని కార్యవర్గం నిర్ణయించింది. ఇప్పటికి పద్దెనిమిది వచ్చాయి. కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, అన్నిటికంటే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో చెప్పు, అన్నిట్లో అదే వేయించేద్దాం" అన్నాడు. ఒక్క మాటలో అయ్యే జవాబు కాదు కాబట్టి సభలోనే చెబుతానన్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. అన్నిటికంటే తేలికైన సిస్టమ్ మనకు అక్కర్లేదు. ఆ యంత్రం మోయగలిగిన వాటిలో పిల్లలకు ఎక్కువ పనికొచ్చేది కావాలి. ఈ బడిలో ఉన్నవాళ్లు నాలుగేళ్లపాటు చూసుకోగలిగేది కావాలి. ఈ రెండూ కుదరని సిస్టమ్ ఎంత తేలికైనా మనకు బరువే.

ఎందుకిలా అంటున్నానో చెబుతాను. మన ప్రాంతంలోనే ఒక బడి ఉంది, పేరెందుకు లెండి. అక్కడ దాతలు కంప్యూటర్లు ఇచ్చారు. రిబ్బన్ కత్తిరించారు, గోడకు దాతల పేర్లతో ఫలకం పెట్టారు. వేసిచ్చినాయన ఊరు మారిపోయాడు. ఏదో ఒకటి ఆగిపోయింది, దాన్ని ఎలా లేపాలో ఎవరికీ తెలియలేదు. రెండో ఏడాదికి గదికి తాళం పడింది. ఆ బడి పిల్లలు కిటికీ ఊచల్లోంచి చూసి, కంప్యూటరంటే గుడ్డ కప్పుకుని ఉండేదని నేర్చుకున్నారు. మన గది అలా కాకూడదు. ఇవాళ మనం తీసుకునే నిర్ణయం నిజానికి దాని గురించే.

ఇన్ని ల్యాప్‌టాప్‌లు ఇప్పుడే ఎందుకు మూలన పడ్డాయో కూడా చూడాలి. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా సవరణలు అందుతాయి, అంతే. మద్దతు ముగిసిందంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. లోపాలు బయటపడితే వాటికి మాట్లు వేసేవాళ్లు ఉండరని అర్థం. ఇంటర్నెట్‌కు కలిపే యంత్రానికి అది ప్రమాదమే. పోనీ విండోస్ 11 వేద్దామా అంటే, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచి వచ్చినవే ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే 2014 లోనో 2016 లోనో కొన్న ల్యాప్‌టాప్ ఒళ్లు బాగానే ఉన్నా పరీక్షకు హాల్ టికెట్ దొరకని విద్యార్థిలా బయట నిలబడింది. దుకాణానికి తీసుకెళితే "దీని పని అయిపోయింది, కొత్తది కొనండి" అంటారు. పని అయిపోయింది సాఫ్ట్‌వేర్‌ది, యంత్రానిది కాదు.

ఇక్కడే లినక్స్ వస్తుంది. 1991 లో ఫిన్లాండ్‌లో, హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని అది. ఆయన రాసింది కెర్నల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం. దాని చుట్టూ మెనూలు, కిటికీలు, అప్లికేషన్లు చేర్చి రకరకాల బృందాలు రకరకాల సిస్టమ్‌లు తయారు చేస్తున్నాయి. వాటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు. బియ్యం ఒకటే, పులిహోర చేసినా దద్దోజనం చేసినా వండే చేతిని బట్టి రుచి మారినట్టు. వీటిలో ఎక్కువ భాగం ఉచితం. ఎన్ని యంత్రాల్లో వేసుకున్నా, కాపీ తీసి పక్క బడికి ఇచ్చినా చట్టబద్ధమే. గురువులున్న సభ కాబట్టి ఇంకో మాట. దొంగ కాపీ వేసిన కంప్యూటర్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి నిజాయతీ మీద వ్యాసం టైప్ చేయమనడం బాగుండదు. ఆ ఇబ్బంది ఇందులో లేదు.

"తేలిక" అనే మాటకు అర్థం చూద్దాం. మెమరీ అంటే పిల్లవాడి ముందున్న బల్ల. డిస్క్ అంటే గది చివర ఉన్న బీరువా. బల్ల మీద పట్టినన్ని పుస్తకాలు చేతికి అందుబాటులో ఉంటాయి. పట్టకపోతే ప్రతిదానికీ లేచి బీరువా దగ్గరకు పోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ బల్ల మీదే కూర్చుంటుంది. అది ఎంత తక్కువ చోటు తీసుకుంటే పిల్లవాడి పుస్తకాలకు అంత ఎక్కువ చోటు. తేలిక అంటే ఇంతే.

అయితే బల్ల మీద పెద్ద పుస్తకం సిస్టమ్ కాదు, బ్రౌజర్. సిస్టమ్ మూడు నాలుగు వందల ఎంబీ ఆదా చేసిందని సంబరపడతాం. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు, ఒక వీడియో తెరిస్తే ఒక జీబీకి పైనే పోతుంది. అందుకని 2 జీబీ యంత్రంలో ఎంత తేలికైన సిస్టమ్ వేసినా ఇంటర్నెట్ పని నెమ్మదిగానే ఉంటుంది. ఎవరైనా "ఈ సిస్టమ్ వేస్తే కొత్తదానిలా పరుగెడుతుంది" అంటే నమ్మకండి.

కాబట్టి సిస్టమ్ కంటే ముందు యంత్రాన్ని చూడాలి. వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ నాలుగు పరీక్షలు పెడదాం.

మొదటిది, ప్రాసెసర్ 64 బిట్లదా, 32 బిట్లదా. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్, ఆ తర్వాత అబౌట్ నొక్కితే కనిపిస్తుంది. లోపలున్న విండోస్ 32 బిట్లదైనా ప్రాసెసర్ 64 బిట్లదైతే చాలు, 64 బిట్ల లినక్స్ వేసుకోవచ్చు. 2006 నుంచి వచ్చిన కోర్ 2 డ్యువో ప్రాసెసర్లన్నీ 64 బిట్లవే. 2008 ప్రాంతంలో వచ్చిన బుల్లి నెట్‌బుక్‌లలో, ఆటమ్ ఎన్270 లాంటి ప్రాసెసర్లు ఉన్నవాటిలో, 32 బిట్లే ఉంటాయి. వీటికి దారులు మూసుకుపోతున్నాయి. మింట్, ఉబుంటు కుటుంబాలు 32 బిట్లను వదిలేశాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లో కూడా 32 బిట్ల యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు.

రెండోది, మెమరీ ఎంత, పెంచుకునే వీలుందా. కింద మూత తీస్తే రెండో చిప్ పెట్టే గాడి ఖాళీగా ఉండొచ్చు. చిప్‌లలో రకాలు చాలా. కొనడానికి వెళ్లేటప్పుడు పాత చిప్‌ను చేత్తో పట్టుకెళ్లడమే ఉత్తమం.

మూడోది డిస్క్. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది. దాని స్థానంలో తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ పెడితే, ఆన్ కావడంలోనూ అప్లికేషన్ తెరుచుకోవడంలోనూ తేడా కళ్లకు కనిపిస్తుంది. మన అవసరానికి 120 జీబీ గానీ 240 జీబీ గానీ చాలు. పాత డిస్క్ ఉన్న చోటే సరిపోతుంది. ఎంత తేలికైన సిస్టమ్ వెతికినా ఇంత మార్పు రాదు. కాబట్టి సంఘం దగ్గరున్న డబ్బులో మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీలకు పోవాలని నా మనవి.

నాలుగోది బ్యాటరీలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే తీసేయాలి. పిల్లలుండే గదిలోకి దాన్ని రానివ్వకూడదు. చాలా మోడళ్లు బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుస్తాయి. లోపల బిళ్ల లాంటి ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే ల్యాప్‌టాప్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు తెరుచుకోవు, భద్రత లేదని హెచ్చరిస్తాయి. ఇంటర్నెట్ పాడైందనో సిస్టమ్ పాడైందనో అనుకుంటాం. బిళ్ల మారిస్తే సరిపోతుంది.

ఈ నాలుగూ చూశాక యంత్రాలు మూడు వరసలుగా విడిపోతాయి.

64 బిట్ల ప్రాసెసర్, 4 జీబీ లేదా ఆపైన మెమరీ ఉన్నవి మొదటి వరస. మనకు వచ్చిన పద్దెనిమిదిలో పదకొండు ఇవే. వీటికి లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న రూపం వేద్దామంటాను. కింద ఎడమ మూల మెనూ, కింద పట్టీ, కుడి మూల గడియారం, అంతా విండోస్ అలవాటున్న టీచర్లకు పరిచయమైన చోటే ఉంటుంది. కనీసం 2 జీబీ ఉండాలని, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుందని తయారు చేసినవాళ్లే చెబుతున్నారు. 22 వరస వెర్షన్లకు 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, టైమ్‌షిఫ్ట్ అనే సదుపాయం దానితోనే వస్తుంది. సిస్టమ్ బాగున్న రోజున దాని నకలు ఒకటి తీసి పెడుతుంది. ఎవరైనా ఏదో నొక్కి పాడు చేస్తే, మళ్లీ ఆ రోజు స్థితికి తెచ్చేయొచ్చు. బడికి ఇంతకంటే ఏం కావాలి?

64 బిట్లే గానీ మెమరీ 2 జీబీ దగ్గర ఆగిపోయి, పెంచే వీలు లేనివి రెండో వరస. వీటికి లుబుంటు. ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే డెస్క్‌టాప్‌తో వస్తుంది, మింట్ కంటే బల్ల మీద తక్కువ చోటు తీసుకుంటుంది. అయితే దాని దీర్ఘకాల వెర్షన్లకు మద్దతు మూడేళ్లే. 24.04 వెర్షన్‌కు 2027 ఏప్రిల్‌తో ముగుస్తుంది, తర్వాత కొత్తదానికి మారాలి. మార్చేవాళ్లు ఎవరో ముందే అనుకోవాలి. ఈ యంత్రాలను టైపింగ్, లెక్కలు, బొమ్మలు, ఇంటర్నెట్ లేకుండా చదువుకునే పనులకు ఉంచి, వీడియోలకు మొదటి వరసవి వాడుకుందాం.

32 బిట్లవి, ఒక జీబీ లోపు మెమరీ ఉన్నవి మూడో వరస. వీటికి యాంటీఎక్స్ అనే సిస్టమ్ ఉంది. దాని 23 వెర్షన్ డెబియన్ 12 ఆధారంగా 32 బిట్లలో కూడా దొరుకుతుంది. నిజంగా చాలా తేలిక. కానీ మెనూలు, సెట్టింగులు మిగతా వాటికి భిన్నంగా ఉంటాయి. పిల్లవాడు ఒక బల్ల దగ్గర నేర్చుకున్నది పక్క బల్ల దగ్గర పనికిరాదు. టీచరు రెండు రకాల పాఠాలు చెప్పాలి. అందుకే, తేలికలో మొదటి బహుమతి దానికే అయినా, మన గదికి వద్దంటున్నాను. అలాంటి మూడు యంత్రాలు వచ్చాయి. వాటిని మూత విప్పి పిల్లలకు లోపలి భాగాలు చూపించడానికి వాడదాం. మెమరీ ఏది, డిస్క్ ఏది, ఫ్యాన్ ఎందుకు అని చేత్తో పట్టుకుని నేర్చుకుంటారు. అది కూడా కంప్యూటర్ పాఠమే.

పప్పీ లినక్స్ గురించి కొందరు అడిగారు. 2003 లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ మొదలుపెట్టారు. పెన్‌డ్రైవ్ మీద పెట్టుకుంటే మొత్తం మెమరీలోకి ఎక్కి నడుస్తుంది. విండోస్ లేవని ల్యాప్‌టాప్ లోంచి ఫోటోలు బయటకు తీసుకోవడానికి దాని తర్వాతే ఏదైనా. కానీ అది మొదటినుంచీ ఒక్కరు వాడుకునే పద్ధతిలో రూపొందింది. నలభై మంది పిల్లలు మార్చి మార్చి కూర్చునే గదికి సరిపడదు. గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది. 4 జీబీ మెమరీ ఉంటే శుభ్రంగా నడుస్తుంది. అయితే దాని పని అంతా ఇంటర్నెట్ మీద, గూగుల్ ఖాతా మీద ఆధారపడుతుంది. మన బడికి నెట్ వచ్చే గంటలకంటే రాని గంటలు ఎక్కువ కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. మన దేశంలో సీడాక్ తయారు చేసిన బాస్ ఉంది, బడుల కోసం ఎడ్యుబాస్ అనే రూపమూ ఉంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తేవడానికి స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి కృషి చేసింది. వీటిలో దేన్నైనా బాగా తెలిసినవాళ్లు మనలో ఉండి, బాధ్యత తీసుకుంటామంటే, మింట్ బదులు అదే వేద్దాం. నాకు పట్టింపు లేదు. నేను మింట్ అంటున్నది, దాన్ని చూసుకోగలిగినవాళ్లు మనలో నలుగురైదుగురు ఉన్నారు కనుకనే.

ఇక తెలుగు సంగతి. దీని గురించి టీచర్లు ఎక్కువగా అడిగారు. యూనికోడ్ తెలుగు చదవడానికి నోటో, లోహిత్ ఫాంట్లు దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లు కూడా ఉచితంగా వేసుకోవచ్చు. టైప్ చేయడానికి ఐబస్ అనే ప్యాకేజీ, దానికి తోడు ఎం17ఎన్ కీబోర్డుల ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లు వస్తాయి. ఎవరి వేళ్లకు ఏది అలవాటైతే అది. లిబ్రె ఆఫీస్‌లో మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు.

కానీ ఒక హెచ్చరిక. ఈ వేదిక మీదే మా సైన్స్ మాస్టారున్నారు, పేరు చెప్పొద్దన్నారు. వారబ్బాయి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌ను బాగు చేయమని నా దగ్గరికి తెచ్చారు. "మాస్టారూ, ఇందులో మీరు ఏం పని చేస్తారు?" అని అడిగాను. "ఇరవై ఏళ్ల ప్రశ్నపత్రాలున్నాయి నాయనా, అన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో" అన్నారు. పేజ్‌మేకర్ లినక్స్‌లో నడవదు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు కాబట్టి ఆ అక్షరాలు వేరేచోట తెరిస్తే గజిబిజిగా వస్తాయి. అది చెబితే ఆయన ముఖం వాడిపోయింది. ఆయన జీవితకాలపు పని అందులో ఉంది మరి. అందుకని పాత విండోస్ తీసేయలేదు. డిస్క్‌ను రెండు భాగాలు చేసి, రెండో భాగంలో మింట్ వేశాను. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. ప్రశ్నపత్రాలకు విండోస్, దాన్ని ఇంటర్నెట్‌కు కలపరు. నెట్ పనికి మింట్. ఇప్పుడు వారు ఒక్కొక్క ప్రశ్నపత్రాన్నీ యూనికోడ్‌లోకి మారుస్తున్నారు. వయసు డెబ్భై రెండు. ఇవాళ పొద్దున అడిగితే, తొమ్మిదో తరగతివి పూర్తయ్యాయన్నారు.

కాబట్టి సొంత ల్యాప్‌టాప్‌కు మార్చుకోవాలనుకునే టీచర్లు ముందు ఒక కాగితం మీద మీ పనులన్నీ రాసుకోండి. దీక్ష, యూడైస్ ప్లస్ లాంటివి బ్రౌజర్‌లో నడుస్తాయి కనుక ఇబ్బంది ఉండదు. పేజ్‌మేకర్, ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు తొందరపడొద్దు. ప్రింటర్‌ను తప్పకుండా పరీక్షించండి. చాలా ప్రింటర్లు కలపగానే పనిచేస్తాయి గానీ, మన ఆఫీసుల్లో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని మొరాయిస్తాయి.

పరీక్షించడానికి పాతదాన్ని చెరిపేయనక్కర్లేదు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. మింట్ వెబ్‌సైట్ నుంచి ఫైలు దించుకుని, రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అప్పటికి పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి చెరిగిపోతాయి, అది గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్‌లో ఎఫ్ 12, హెచ్‌పీలో చాలావాటికి ఎఫ్ 9. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే, డిస్క్‌లో ఏమీ మార్చకుండానే కొత్త సిస్టమ్ తెర మీదికి వస్తుంది. వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, వెలుతురు తగ్గుతోందా, మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, అన్నీ చూసుకోండి. అన్నీ బాగుంటేనే డిస్క్‌లో వేసుకోండి. బాగా లేకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ ఆన్ చేస్తే పాతది పాతలాగే ఉంటుంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత సౌకర్యం ఉండదు.

పిల్లలకు ఇందులో ఏముంటుంది? లెక్కలకు జియోజీబ్రా ఉంది. త్రిభుజం మూలను పట్టుకుని లాగితే కోణాలు మారుతూ, మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే నిలవడం పిల్లలు కళ్లారా చూస్తారు. స్టెల్లేరియంలో మన ఊరి ఆకాశాన్ని పెట్టి, ఈ రాత్రి గురుగ్రహం ఎక్కడుందో చూపించవచ్చు. చిన్నపిల్లలకు టక్స్ పెయింట్, టైపింగ్‌కు లిబ్రె ఆఫీస్ ఉన్నాయి. కీవిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను ఒకసారి దించుకుంటే, తర్వాత నెట్ లేకుండానే చదువుకోవచ్చు. కరెంటు ఉండి నెట్ లేని మధ్యాహ్నాలు మన బడికి కొత్త కాదు. ఆ మధ్యాహ్నాలు ఇక వృథా పోవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కేరళ ప్రభుత్వ బడుల్లో ఐటీ అట్ స్కూల్ పేరుతో మొదలై, ఇప్పుడు కైట్ అనే సంస్థ ద్వారా, చాలా ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు జరుగుతున్నాయి. ఉబుంటు ఆధారంగా తమ బడులకు తామే సిస్టమ్ తయారు చేసుకున్నారు. వాళ్లు గెలిచింది తేలికైన సిస్టమ్ దొరికినందువల్ల కాదు. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు ఆ సాఫ్ట్‌వేర్ మీదే రాశారు, అన్ని బడుల్లో ఒకే రకం ఉంచారు. ఒకచోట సమస్య వస్తే ఇంకోచోట జవాబు తెలిసినవాళ్లున్నారు. నేను మొదట చెప్పిన తాళం గదికీ వాళ్ల గదులకూ తేడా యంత్రంలో లేదు, మనుషుల్లో ఉంది.

మన పద్దెనిమిదిలో మూడు విప్పి చూపించడానికి పోగా పదిహేను మిగులుతాయి. పదకొండు మింట్‌కు, నాలుగు లుబుంటుకు. వాటి కోసం కొన్ని నియమాలు ప్రతిపాదిస్తున్నాను. పిల్లలకు ఒక ఖాతా, టీచరుకు వేరే ఖాతా. పిల్లల ఖాతా నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వేయడం కుదరదు. ప్రతి యంత్రానికీ ఒక నంబరు, దానికి టైమ్‌షిఫ్ట్ నకలు. గదిలో ఒక నోటు పుస్తకం ఉండాలి. ఏ రోజు ఏది ఆగింది, ఎలా సరైంది, తెలుగులో రాయాలి. వేసిచ్చినవాడు ఊరు వెళ్లిపోయినా ఆ పుస్తకం ఉంటుంది. లెక్కల టీచర్ గారు గది బాధ్యత తీసుకుంటామన్నారు. వారికి తోడుగా తొమ్మిదో తరగతి నుంచి ఆరుగురిని, ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలను తయారు చేద్దాం. వాళ్లు పదికి వెళ్లేలోపు తర్వాతి ఆరుగురికి నేర్పించాలి.

ఇచ్చేవాళ్లకు కూడా కొన్ని విన్నపాలు. చార్జర్‌తో సహా ఇవ్వండి, చార్జర్ వెతకడానికే సగం ఖర్చు అవుతోంది. తెర పగిలింది, మీటలు ఊడింది ఇవ్వకండి. బడికి ఇచ్చేది మన ఇంట్లో అడ్డం తొలగించుకోవడానికి కాదు. ఇచ్చే ముందు మీ ఫోటోలు, బ్యాంకు కాగితాలు వేరేచోట దాచుకుని డిస్క్‌ను పూర్తిగా చెరిపించండి. ఫైళ్లు డిలీట్ చేస్తే చాలదు, అవి తిరిగి తీయవచ్చు. చెరపడం రాకపోతే మాకు చెప్పండి, మీ కళ్లముందే చేస్తాం. అనుమానం ఉంటే పాత డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి. ఎలాగూ ఎస్‌ఎస్‌డీ వేస్తున్నాం.

చివరి కోరిక పెద్దది. ల్యాప్‌టాప్ ఇచ్చే ప్రతి ఒక్కరూ దానితోపాటు మూడు నెలలకొక ఆదివారం కూడా ఇవ్వండి. ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చి కూర్చోండి, దూరంలో ఉన్నవాళ్లు ఫోన్‌లో టీచర్ గారికి అందుబాటులో ఉండండి. మీ పేరు ఫలకం మీద కాదు, నోటు పుస్తకం మొదటి పేజీలో, మీరు చూసుకునే యంత్రం నంబరు పక్కన రాస్తాం. ఇప్పటికి ఆరు యంత్రాల పక్కన పేర్లున్నాయి. తొమ్మిది ఖాళీగా ఉన్నాయి. పుస్తకం భోజనాల దగ్గర బల్ల మీద పెట్టించాను. పెన్ను కూడా ఉంది.